నార్కట్‌పల్లి ఏ గీతకి అవతల ఉంది? మ్యాపులతో ఇరవై ఏళ్ల ప్లాన్ ఎలా వేస్తారు.. మన ఊరికి దాంతో పనేంటి?

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎక్కితే ముందు చౌటుప్పల్ వస్తుంది. ఆ తర్వాత చిట్యాల. ఇంకొంచెం ముందుకెళ్తే నార్కట్‌పల్లి. బస్సులో కూర్చున్నవాళ్లకి ఈ మూడూ ఒకే రోడ్డు మీద వరుసగా వచ్చే ఊళ్లే. కానీ రాష్ట్ర ప్రభుత్వం వేసుకున్న 2047 ప్లాన్‌లో చౌటుప్పల్‌కి, నార్కట్‌పల్లికి మధ్య ఒక గీత ఉంది. ఆ గీతకి ఇటు ఉన్న ఊళ్లకి ఒక భవిష్యత్తు రాశారు, అటు ఉన్న ఊళ్లకి ఇంకోటి.

2025 డిసెంబర్ 8, 9 తేదీల్లో తెలంగాణ రైజింగ్ గ్లోబల్ సమ్మిట్ జరిగింది గుర్తుందా? స్టేజ్ మీద సెలబ్రిటీల వీడియోలు బాగా తిరిగాయి కానీ, అక్కడ విడుదలైన విజన్ డాక్యుమెంట్ గురించి తక్కువ మంది మాట్లాడారు. 2034కి రాష్ట్ర ఎకానమీ ట్రిలియన్ డాలర్లు, 2047కి 3 ట్రిలియన్ డాలర్లు అన్నది టార్గెట్. దానికోసం రాష్ట్రాన్ని మూడు భాగాలు చేశారు. ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్నదంతా 'క్యూర్', అంటే నగర ప్రాంతం. ఔటర్‌కి, రాబోయే రీజినల్ రింగ్ రోడ్డుకి మధ్య ఉన్నది 'ప్యూర్'. ఫ్యాక్టరీలు, తయారీ రంగం ఇక్కడికి. రీజినల్ రింగ్ రోడ్డు అవతల ఉన్నదంతా 'రేర్'. గ్రామీణ, వ్యవసాయ ప్రాంతం అన్నమాట.

రీజినల్ రింగ్ రోడ్డు మన హైవేని చౌటుప్పల్ దగ్గర దాటుతుంది. నార్కట్‌పల్లి అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు అవతల. సో.. నార్కట్‌పల్లి 'రేర్'.

ఇక్కడే చాలామందికి డౌట్ వస్తుంది. నాలుగు లైన్ల నేషనల్ హైవే మీద ఉన్న ఊరు. అద్దంకి రోడ్డు మొదలయ్యే జంక్షన్. మెడికల్ కాలేజీ ఉంది, ఆర్టీసీ డిపో ఉంది. దీన్ని మామూలు పల్లెటూళ్లతో కలిపి ఒకే రంగు వేస్తే ఎలా? అవును, కరెక్ట్ డౌటే. అయితే మొత్తం రాష్ట్రాన్ని మూడు రంగుల్లో చూపించే మ్యాప్ అంటే పెద్ద బ్రష్‌తో వేసిన బొమ్మ. అసలు ప్లానింగ్ దాని కింద, మండలం, ఊరు, సర్వే నంబర్ లెవెల్లో జరగాలి. దానికి వాడే టెక్నాలజీ పేరే జీఐఎస్. తెలుగులో భౌగోళిక సమాచార వ్యవస్థ అంటున్నారు. పేరు బరువుగా ఉంది కానీ విషయం సింపుల్.

పొర మీద పొర

ట్రేసింగ్ పేపర్లు తెలుసు కదా. ఒక పేపర్ మీద మండలంలోని రోడ్లు గీయండి. ఇంకో పేపర్ మీద చెరువులు, కాల్వలు. మూడో దాని మీద స్కూళ్లు, పీహెచ్‌సీలు. నాలుగో దాని మీద నేల ఎత్తుపల్లాలు. ఐదో దాని మీద ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారో. ఇప్పుడు అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి లైటు ముందు పట్టుకోండి. అదే జీఐఎస్. కాకపోతే పేపర్ల బదులు కంప్యూటర్. ప్రతి పాయింట్‌కీ అక్షాంశం, రేఖాంశం ఉంటాయి కాబట్టి పొరలన్నీ కచ్చితంగా ఒకే చోట కూర్చుంటాయి. మీరు ఫోన్‌లో లొకేషన్ షేర్ చేస్తే వెళ్లేది కూడా ఆ రెండు నంబర్లే.

పేపర్ మ్యాప్‌ని చూడొచ్చు, అంతే. జీఐఎస్‌ని ప్రశ్న అడగొచ్చు. 'పీహెచ్‌సీకి 8 కిలోమీటర్ల కంటే దూరంగా, బస్సు రూట్ లేకుండా, వెయ్యి మందికి పైగా జనం ఉన్న ఊళ్లు ఏవి?' అని అడిగితే లిస్ట్ వచ్చేస్తుంది. ఆ లిస్ట్ నిజమా కాదా అన్నది మాత్రం మనం లోపల పెట్టిన పొరల మీద ఆధారపడి ఉంటుంది. పొరలో లేని ఊరు ప్లాన్‌లో కూడా ఉండదు. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇది మొదలైంది మన జిల్లాలోనే

ఇది చాలామందికి తెలీదు. శాటిలైట్లు, కంప్యూటర్లు ఇంకా రాకముందే ఈ పద్ధతిని మన దేశంలో ఊళ్ల స్థాయిలో ట్రై చేసిన మొదటి చోట్లలో ఒకటి నల్లగొండ జిల్లా మిర్యాలగూడ తాలూకా. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి రోడ్డు పట్టుకుని నల్లగొండ దాటి నేరుగా వెళ్తే వచ్చేది అదే మిర్యాలగూడ.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఇప్పుడు ఎన్‌ఐఆర్‌డీ అని పిలిచే గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది కదా, అప్పట్లో దాని పేరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్. లలిత్ కె. సేన్, సుధీర్ వన్మాలీ, వాళ్ల టీమ్ మిర్యాలగూడ తాలూకా మీద చేసిన స్టడీని 1971లో పుస్తకంగా వేసింది ఆ సంస్థే. గ్రామీణ 'గ్రోత్ సెంటర్లు' ఎక్కడ రావాలి అన్నది అందులో ప్రశ్న.

టైమింగ్ కూడా చూడండి. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాల్వలకి నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ మొత్తం మారిపోతున్న రోజులవి. వరి పెరుగుతుంది, డబ్బు వస్తుంది, జనం వస్తారు. మరి బ్యాంకు ఎక్కడ పెట్టాలి? ఎరువుల గోదాం ఎక్కడ? హైస్కూల్ ఏ ఊళ్లో? రాజకీయ పలుకుబడి ఉన్న ఊరికి ఇచ్చేయడం ఈజీ. వీళ్లు అలా కాకుండా వేరే దారి పట్టారు.

ఏ ఊళ్లో ఏ సౌకర్యం ఉందో లెక్క తీశారు. లేని ఊరివాళ్లు దానికోసం ఎక్కడికి పోతున్నారో చూశారు. పోస్టాఫీసుకి ఒక ఊరు, ఎద్దుల సంతకి ఇంకో ఊరు, పెద్ద డాక్టర్ కోసం టౌన్.. ఇలా జనం నడిచే దారులే చెప్తాయి ఏ ఊరు చుట్టుపక్కల ఊళ్లకి సెంటర్‌గా పనిచేస్తోందో. ఆ సెంటర్లని చిన్నవి, మధ్యస్థం, పెద్దవి అని వరసలో పెట్టి, మధ్యలో ఎక్కడ ఖాళీ ఉందో మ్యాప్ మీద గుర్తించారు. కొత్త సౌకర్యం వెళ్లాల్సింది ఆ ఖాళీలోకి.

ఈ ఐడియా వెనక ఉన్న థియరీ జర్మనీది. వాల్టర్ క్రిస్టాలర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1933లో దక్షిణ జర్మనీ టౌన్ల మీద రాశాడు. ఆయన మ్యాప్‌లో ఊళ్లు తేనెపట్టు గదుల్లా ఆరు మూలలుగా అమరి ఉంటాయి. మన దగ్గర నేల అంత బుద్ధిగా ఉండదు లెండి. గుట్టలు, బండలు, మధ్యలో వాగు. అందుకే మిర్యాలగూడ టీమ్ థియరీని పక్కన పెట్టుకుని ఊళ్లలో తిరగాల్సి వచ్చింది. తర్వాత అదే సంస్థ కర్ణాటకలోని రాయచూర్ జిల్లాకి కూడా ఇలాంటి స్టడీ చేసింది.

యాభై ఏళ్ల కింద వాళ్లు ఊరూరా తిరిగి తెచ్చిన సమాచారంలో సగం ఇప్పుడు ఆఫీసులో కూర్చుంటే వస్తుంది. మిగతా సగం, అంటే జనం నిజంగా ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు అన్నది, ఇప్పటికీ ఆకాశం నుంచి కనపడదు.

పై నుంచి ఎంత కనిపిస్తుంది?

శాటిలైట్ అనగానే మనకి అన్నీ కనిపిస్తాయి అనుకుంటాం. మొదట్లో అస్సలు అలా లేదు. 1988 మార్చి 17న మన దేశపు మొదటి పూర్తిస్థాయి రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ వెళ్లింది. అందులో ఒక కెమెరాకి నేల మీద 72.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోటు ఒకే చుక్క. మన లెక్కలో చెప్పాలంటే సుమారు ఎకరం 12 గుంటలు మొత్తం ఒకే రంగు! రెండో కెమెరాకి ఒక చుక్క అంటే దాదాపు 13 గుంటలు. అడవి ఎంత, పంట ఎంత, బీడు ఎంత అని జిల్లా లెవెల్లో చెప్పొచ్చు. ఒక రైతు చెలక గురించి చెప్పలేం.

2005 మే 5న కార్టోశాట్-1 వచ్చాక చుక్క సైజు 2.5 మీటర్లకి దిగింది. ఏడున్నర గజాల జాగా అన్నమాట. 2019 నవంబర్ 27న వెళ్లిన కార్టోశాట్-3 అయితే పావు మీటర్ దాకా చూస్తుంది, అంటే దాదాపు జానెడు.

ఈ ఫొటోలు దిగేది కూడా మన దక్షిణ తెలంగాణ గడ్డ మీదకే. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే ఇస్రో వాళ్ల నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, దాని గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఊరు, జిల్లాలు విడిపోయాక రంగారెడ్డిలోకి వచ్చింది. దేశం మొత్తం ఫొటోలు అక్కడ దిగుతాయి.

మన దగ్గర అసలు పొర ఎత్తే

నల్లగొండ జిల్లాకి సంబంధించి ఒకే ఒక్క పొర చూడమంటే ఎత్తుపల్లాల పొర చూడాలి. ఎందుకంటే ఈ జిల్లా రెండు ముక్కలైంది అక్కడే.

కాల్వ అంటే నీళ్లు పై నుంచి కిందికి పారే దారి. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎడమ కాల్వ ఆ ఎత్తుకి లోబడి గుట్టల అంచులు పట్టుకుని పోతుంది. కాల్వకి కింద ఉన్న మిర్యాలగూడ వైపు వరి పండింది, రైస్ మిల్లులు వచ్చాయి. కాల్వకి పైన ఉన్న నార్కట్‌పల్లి, మునుగోడు, దేవరకొండ వైపు మెట్ట అలాగే ఉండిపోయింది. సాగర్ అదే జిల్లాలో ఉంది, నీళ్లు మాత్రం పైకి ఎక్కవు. ఇందులో కుట్ర ఏం లేదు, కాంటూర్ గీత ఉంది. అయితే ఆ గీతకి పైన ఉన్నవాళ్లకి వేరే దారి చూపించడానికి ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టింది అన్నది మాత్రం రాజకీయ ప్రశ్నే.

పైకి నీళ్లు తేవడానికి రెండే దారులు. ఒకటి ఎత్తిపోయాలి. లేదంటే ఇంకా ఎత్తులో ఉన్న చోటు నుంచి తేవాలి.

మొదటి దారిలో వచ్చిందే ఏఎమ్మార్పీ, అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు. సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర నీళ్లు ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌కి పంపుతారు. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు కూడా ఆ దారిలోవే. అక్కడి నుంచి కాల్వ నల్లగొండ పక్కన పానగల్‌లోని ఉదయసముద్రం దాకా వస్తుంది. ఉదయసముద్రం నుంచి మళ్లీ ఇంకోసారి ఎత్తితే నార్కట్‌పల్లి మండలం బ్రాహ్మణ వెల్లెంలకి చేరతాయి. ఈ ఎత్తిపోతల పథకాన్ని 2024 డిసెంబర్ 7న సీఎం రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. లక్ష ఎకరాలు దీని టార్గెట్. ఒకే నీటి చుక్క రెండు సార్లు మోటార్లు ఎక్కి వస్తోందని గుర్తుంచుకోండి, కరెంట్ బిల్లు ఆ లెక్కలోనే ఉంటుంది.

ఇక్కడ మ్యాప్ చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది. పంపులు తిరగడం వేరు, పొలానికి నీళ్లు రావడం వేరు. పిల్ల కాల్వ ఎవరి సర్వే నంబర్ మీదుగా పోవాలి? ఏ చెరువు నింపితే అలుగు పారి కిందున్న ఎన్ని చెరువులకి అందుతుంది? కార్టోశాట్-1కి రెండు కెమెరాలు ఉండేవి, ఒకటి ముందుకి వాలి, ఒకటి వెనక్కి వాలి. మన రెండు కళ్లలాగా. ఆ రెండు ఫొటోలు కలిపితే నేల ఎత్తు తెలుస్తుంది. ఆ డేటాతో కాల్వ దారులని ముందే కంప్యూటర్‌లో పారించి చూడొచ్చు.

రెండో దారి శ్రీశైలం ఎడమగట్టు సొరంగం, ఎస్‌ఎల్‌బీసీ. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. సాగర్ కంటే దాదాపు 300 అడుగులు ఎక్కువ. అక్కడి నుంచి కొండ లోపల సుమారు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వితే మోటార్లు లేకుండా నల్లగొండ మెట్టకి నీళ్లు వస్తాయి. మ్యాప్ మీద ఎంత అందమైన ఐడియా! 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. నెలన్నరకి పైగా వెతికినా రెండు మృతదేహాలే దొరికాయి.

సొరంగం పోయేది అమ్రాబాద్ పులుల అడవి కింద. పై నుంచి ఎక్కడికక్కడ బోర్లు వేసి రాయి ఎలా ఉందో చూసే వీలు తక్కువ. ప్రమాదం తర్వాత 2025 నవంబర్‌లో ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు హెలికాప్టర్ సర్వే మొదలుపెట్టారు. హెలికాప్టర్ కింద పెద్ద రింగు లాంటి పరికరం వేలాడదీసి, భూమిలోకి విద్యుదయస్కాంత తరంగాలు పంపి, వందల మీటర్ల లోతులో ఎక్కడ పగుళ్లు ఉన్నాయి, ఎక్కడ నీళ్లున్నాయి అని మ్యాప్ చేస్తారు. ఇది కూడా ఒక పొరే. సొరంగం గీత గీసినప్పుడే ఈ పొర చేతిలో ఉండి ఉంటే అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

నీళ్లు పడతాయి.. కానీ తాగొచ్చా?

రెండు పొరలు విడివిడిగా చూస్తే ఎలా మోసపోతామో చెప్పడానికి ఫ్లోరైడ్ కంటే మంచి ఉదాహరణ లేదు.

మన దగ్గర నేల కింద ఉన్నది గ్రానైట్ బండ. బండలో నీళ్లు ఉండేది పగుళ్లలోనే. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేను మీద తిరిగే పెద్దమనుషులు వెతికేది కూడా ఆ పగుళ్లనే అనుకోండి. శాటిలైట్ ఫొటోల్లో పెద్ద పగుళ్లు పొడవాటి గీతల్లా కనపడతాయి. వాటిని పట్టుకుని ఎన్‌ఆర్‌ఎస్‌సీ తాగునీటి మిషన్ కోసం భూగర్భ జలాల మ్యాపులు తయారుచేసింది. మొదటి విడతలో తీసుకున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఏపీ ఉంది. ఎక్కడ బోరు వేస్తే పడే ఛాన్స్ ఉందో వాటిలో రంగులు వేసి చూపిస్తారు.

బాగానే ఉంది. కానీ అదే గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీళ్లు రాతితో ఎంతకాలం కలిసుంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటర్‌కి 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లల పళ్లు గారపట్టి, పెద్దవాళ్ల ఎముకలు వంకర్లు పోయిన ఊళ్లు ఈ జిల్లాలో ఎన్ని ఉన్నాయో కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నంతో నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారుచేసిన పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు 'నల్లగొండ టెక్నిక్'. జిల్లాకి ఇలాంటి పేరు రావడం ఎవరికీ ఇష్టం ఉండదు!

కాబట్టి 'బోరు పడుతుంది' అని చెప్పే మ్యాప్ మీద 'ఈ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత' అనే పొర పెట్టకపోతే, మంచి చోటు అని మనం ఇచ్చిన సలహానే విషం అవుతుంది. పంటకి సరే, తాగడానికి వద్దు అని రెండు పొరలు కలిపి చూస్తేనే తెలుస్తుంది. చివరికి తాగునీటికి భూగర్భాన్ని వదిలేసి నది నీళ్లే పైపుల్లో తేవాలని నిర్ణయించారు. మిషన్ భగీరథ పైలాన్‌ని 2015 జూన్ 8న అప్పటి సీఎం కేసీఆర్ ఆవిష్కరించింది చౌటుప్పల్‌లో. ఆ ఊరిని ఎంచుకోవడానికి కారణం ఈ ఫ్లోరైడ్ చరిత్రే.

ఆస్పత్రి కిలోమీటర్ దూరంలోనే.. కానీ!

2018 ఆగస్టు 29 ఉదయం అన్నెపర్తి దగ్గర కారు ప్రమాదంలో గాయపడ్డ నందమూరి హరికృష్ణని తీసుకొచ్చింది నార్కట్‌పల్లి కామినేని ఆస్పత్రికే. ఆయన్ని కాపాడలేకపోయారు. ఆ రోజు టీవీ ముందున్న వాళ్లందరికీ ఈ ఊరి పేరు తెలిసింది. రోడ్డు పక్కన పెద్దాస్పత్రి ఉండటం ఎంత అవసరమో హైవే ఊళ్లవాళ్లకి ముందే తెలుసు.

ఇప్పుడు ప్రతి యాక్సిడెంట్ స్పాట్‌ని పోలీసులు లొకేషన్‌తో సహా ఐరాడ్ అనే డేటాబేస్‌లో ఎక్కిస్తున్నారు. ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ కలిసి చేసిన సిస్టమ్ ఇది. సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ఐదు పెద్ద ప్రమాదాలు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. చుక్కలన్నీ మ్యాప్ మీద పడితే ఎక్కడ అండర్‌పాస్ కావాలో, ఎక్కడ సర్వీస్ రోడ్డు కావాలో వాదించాల్సిన పని తగ్గుతుంది.

కానీ దూరం కొలిచే దగ్గర ఒక కిటుకు ఉంది. చాలా రిపోర్టుల్లో 'ఆస్పత్రికి 5 కిలోమీటర్లలోపు ఉన్న ఊళ్లు' అని ఆస్పత్రి చుట్టూ గుండ్రంగా గీత గీసేస్తారు. కాకి ఎగిరే దూరం అది. హైవేకి అటుపక్క ఉన్న ఊరికి ఆస్పత్రి ఎదురుగా కనపడుతుంటుంది. మధ్యలో డివైడర్. ఆటో యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి. వానాకాలం వాగు పొంగితే దారే వేరు. రోడ్డు వెంబడి, నిమిషాల్లో దూరం లెక్కేసే పద్ధతి జీఐఎస్‌లో ఉంది. వాడాలంతే. గుండ్రం గీసి వదిలేసిన రిపోర్ట్ కనపడితే నమ్మకండి.

పెన్సిల్ గీత మందం 25 మీటర్లు

మళ్లీ మొదట్లో చెప్పిన గీతల దగ్గరికి వద్దాం. 1:50,000 స్కేల్ మ్యాప్ అంటే ఒక సెంటీమీటర్ నేల మీద 500 మీటర్లు. దాని మీద అర మిల్లీమీటర్ మందం పెన్సిల్ గీత గీస్తే? నేల మీద ఆ గీత వెడల్పు 25 మీటర్లు! వంద మీటర్ల పొడవుకి దాదాపు పాతిక గుంటలు గీత కిందే పోతాయి. ఆఫీసులో గీత, ఊళ్లో ఒక కుటుంబం బతికే భూమి.

అందుకే స్కేల్ ముఖ్యం. ఊళ్ల ప్లానింగ్ కోసం ఇస్రో తయారుచేసిన మ్యాపులు 1:10,000. అమృత్ పథకం కింద టౌన్లకి చేసే జీఐఎస్ మాస్టర్ ప్లాన్లు 1:4,000. వీటిలో అదే గీత రెండు మీటర్లే. తెలంగాణలో అమృత్ మొదటి విడతలో ఎంపికైన టౌన్లలో నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ఉన్నాయి. నార్కట్‌పల్లి లాంటి హైవే ఊరికి ఆ లిస్టులో చోటు లేదు. టౌన్‌లా పెరుగుతుంది, ప్లాన్ మాత్రం పల్లెది. తర్వాత రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు ఇబ్బంది మొదలయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం.

రీజినల్ రింగ్ రోడ్డు విషయంలో ఏం జరిగిందో చూశాం. దాదాపు 350 కిలోమీటర్ల రోడ్డు. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా. దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా మళ్లీ సంగారెడ్డికి. చాలాకాలం ఇది టీవీల్లో అందమైన గ్రాఫిక్. 2025లో దక్షిణ భాగం సర్వే నంబర్లు బయటికొచ్చాక రైతులు రోడ్డెక్కారు. గ్రాఫిక్ మీద ఎవరూ ధర్నా చేయరు. సర్వే నంబర్ కనపడ్డాక చేస్తారు. అలైన్‌మెంట్ ఎందుకు ఇటు తిప్పారు, ఏ పొరలు చూసి తిప్పారు అని మ్యాప్‌తో సహా మొదటే చెప్పి ఉంటే గొడవ పూర్తిగా ఆగేది కాదేమో. కనీసం పుకార్లు తగ్గేవి.

భూమి మ్యాపుల సంగతీ అంతే. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినా కింద ఉన్న చాలా నక్షాలు నిజాం కాలం సర్వేవి. శాటిలైట్ ఫొటో మీద పాత నక్షా పెడితే గట్లు కలవవు. పక్క రాష్ట్రంలో డ్రోన్లతో రీసర్వే చేశారు. సర్వే టెక్నాలజీ బాగానే ఉన్నా, భూహక్కుల చట్టం మీద జనంలో భయం పుట్టింది. అది ఎన్నికల అంశం అయింది, 2024లో కొత్త ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసింది. మ్యాప్ కచ్చితంగా ఉంటే సరిపోదు. దాన్ని ఎవరు దిద్దొచ్చు, తప్పుంటే ఎవరికి చెప్పాలి అన్నది కూడా తెలియాలి.

2047 ప్లాన్.. 2011 జనాభా!

ఇంకో పొర గురించి ఎవరూ మాట్లాడట్లేదు. జనాభా. ఊరివారీగా మన దగ్గరున్న చివరి లెక్కలు 2011వి. 2021లో జరగాల్సిన సెన్సస్ వాయిదా పడింది. కొత్త లెక్కలకి రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. ఈ మధ్యలో 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. ఉమ్మడి నల్లగొండ కాస్తా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయింది. కొత్త మండలాలు, కొత్త పంచాయతీలు వచ్చాయి. హైవే ఊళ్లలో కిరాయికుండే కుటుంబాలు, హాస్టళ్లు, ఇటుక బట్టీలకి వచ్చే వలస కూలీలు.. 2011 పొరలో వీళ్లెవరూ లేరు. స్కూల్‌కి ఎన్ని గదులు కావాలి అని ఆ పొరని అడిగితే పదిహేనేళ్ల కిందటి పిల్లల లెక్క చెప్తుంది. ఈసారి సెన్సస్ డిజిటల్‌గా, ఇళ్ల లొకేషన్‌తో సహా జరుగుతోంది. కాబట్టి ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు ఇల్లు తాళం వేసి ఉంటే, మీ గల్లీ ఇంకో పదేళ్లు మ్యాప్‌లో పలచగా కనపడుతుంది.

మీ ఫోన్‌లో ఇప్పుడే చూడొచ్చు

ఇదంతా అధికారుల పని కదా, మనకెందుకు అనుకోవద్దు. రెండు మూడు సైట్లు అందరికీ ఓపెన్‌గా ఉన్నాయి. మొదటిది ఇస్రో వాళ్ల భువన్. 2009 ఆగస్టు 12న మొదలైంది. అందులో పంచాయతీల కోసం విడిగా సెక్షన్ ఉంది. రెండోది కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2019లో తెచ్చిన గ్రామ మానచిత్ర. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ సెలెక్ట్ చేసుకుంటూ పోతే మీ ఊరి హద్దు, లోపల నమోదైన ఆస్తులు కనిపిస్తాయి. ఉపాధి హామీ పనుల ప్లానింగ్ కోసం 2021 ఆగస్టులో యుక్తధార అనే పోర్టల్ కూడా వచ్చింది. ఏ వాగు మీద చెక్‌డ్యామ్ కడితే నీళ్లు ఆగుతాయో పొరలు చూసి నిర్ణయించడానికి అది. ఫోన్‌లో కొంచెం స్లోగా ఓపెన్ అవుతాయి, ఓపిక పట్టాలి.

2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన సర్పంచులు, వార్డు మెంబర్లు ఇప్పుడు ఊరి అభివృద్ధి ప్రణాళికలు వేసే సీట్లలో ఉన్నారు. గ్రామసభలో ఈ ప్లాన్ చదివి వినిపించి సంతకాలు తీసుకోవడమే చాలా చోట్ల అలవాటు. అలా కాకుండా మ్యాప్‌ని గోడ మీద ప్రొజెక్టర్‌తో వేసి చూపించమని అడగొచ్చు. ప్రొజెక్టర్ ఉన్న హైస్కూల్ ఉంటే పని ఇంకా ఈజీ.

చూసేటప్పుడు ముందు పెద్ద బిల్డింగులు వెతక్కండి, అవి ఎలాగూ ఉంటాయి. చెరువు కట్ట ఎక్కడిదాకా గీశారు, శిఖం భూమి చెరువులో ఉందా బయట ఉందా చూడండి. అలుగు నుంచి కింది చెరువుకి పోయే వాగు మధ్యలో తెగిపోయిందా చూడండి. శ్మశానానికి దారి, తండాకి బాట, అంగన్‌వాడీ, పాత తాగునీటి బావి. మ్యాప్‌లో లేకపోతే స్క్రీన్‌షాట్ తీసి, అక్కడ నిలబడి ఫోన్‌లో లొకేషన్ నోట్ చేసుకుని, పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభ తీర్మానంలో ఎక్కిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. 1:10,000 మ్యాప్‌లో పొలాల మధ్య బండ్ల బాట వెంట్రుకంత సన్నగా ఉంటుంది. జూమ్ చేస్తేనే కనపడుతుంది.